అరగకుండానే ముసలయ్యే టైర్లు

టైరు కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది "ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" అని. టాక్సీ నడిపేవాళ్లు, రోజూ శంషాబాద్ దాకా వెళ్లొచ్చేవాళ్లు అడగాల్సిన ప్రశ్నే అది. నాకు మాత్రం దాంతో పని లేదు. నాది 1986 ప్రీమియర్ పద్మిని. ఇంట్లో ఇప్పటికీ ఫియట్ అనే అంటాం. పొద్దున గౌలిపురాలో బయల్దేరి శాలిబండ, హుస్సేనీఆలం, పురానాపూల్ దాటి బేగంబజార్ చేరుతుంది. అక్కడ హోల్‌సేల్ వ్యాపారుల ఖాతాలు చూడటం నా పని. పెళ్లిళ్లూ ఆసుపత్రులూ కలుపుకున్నా ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు దాటదు. నలభై వేలు నడిచే టైరు నా చేతిలో అరగాలంటే ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. హైదరాబాద్ ఎండలో, వీధిలో నిలబడే బండికి రబ్బరు అన్నాళ్లు బతకదు.

ఈ సంగతి పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. 2025 ఆగస్టులో మా మూల మీద పంక్చర్ షాపు ఉస్తాద్ గాలి కొడుతూ ఆగిపోయాడు. టైరు పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కి పట్టి చూపించాడు. మామూలుగా చూస్తే నల్లగా నున్నగా ఉన్నచోట, నొక్కేసరికి సన్నటి పగుళ్లు నోళ్లు తెరిచాయి. "సాబ్, బటన్ అయితే మస్తుంది. రబ్బరే సచ్చిపోయింది" అన్నాడు. బటన్ అంటే టైరు మీది గాడి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే కారు టైరు మార్చాలన్నది నిబంధన. నా టైరుకు ఇంకా అంతకు మూడింతలు ఉంది. కానీ పక్కన అచ్చువేసిన నాలుగంకెలు 2217. అంటే 2017లో 22వ వారంలో తయారైంది. ఎనిమిదేళ్లు నిండిపోయాయి.

అయిదేళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోమనీ, పదేళ్లయితే ఎంత బాగున్నా తీసేయమనీ టైర్ల కంపెనీలు చెబుతాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లే గడువంటాయి. నా బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఆగడమంతా టైరు పట్టు మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి నేనూ ఆరేళ్లే అనుకున్నాను. దాంతో లెక్క తీరే మారిపోయింది. ధరను కిలోమీటర్లతో కాక ఏళ్లతో భాగించాలి.

పద్మినికి పుట్టుకతో వచ్చిన కొలత 5.20-14, నైలాన్ టైరు. ఒకప్పుడు ఏ షాపులోనైనా దొరికేది. ఇప్పుడు అడిగితే, కొట్టువాడు అటక మీదికి నిచ్చెన వేస్తాడు. కాలీ పీలీ పద్మిని టాక్సీలు బొంబాయి రోడ్ల మీద తిరిగినన్నాళ్లూ ఆ కొలతకు పెద్ద గిరాకీ ఉండేది. ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రిటైరైంది. ఇక ఎవరికోసం తెచ్చి పెట్టుకోవాలన్నది కొట్టువాడి వాదన. న్యాయమే. నాకోసం కిందికి దించిన టైరు మీద దుమ్ము తుడిస్తే 1423 అని కనిపించింది. 2023 ఏప్రిల్ సరుకు. ధర మూడు వేలు.

మూడు వేలను ఆరుతో భాగిస్తే ఏడాదికి 500. చవకే. కానీ ఆ ఆరేళ్లలో దాదాపు రెండున్నరేళ్లు అటక మీదే గడిచిపోయాయి. నాకు మిగిలేది మూడున్నరేళ్లు. అప్పుడు ఏడాదికి 857. పక్కనే వేలాడుతున్న రేడియల్, స్విఫ్ట్‌కూ డిజైర్‌కూ వేసే 165/80 ఆర్14, తయారై నెలన్నర కూడా కాలేదు. పన్నుతో కలిపి 4,350. ఆరుతో భాగిస్తే 725. రెండు బోర్డుల మీదా ఉన్న ధరలు చూసి నైలాన్ చవకనుకుంటాం. అంకెలు చదవడం తెలిస్తే రేడియలే చవక. అదే షాపులో ఇంకో కంపెనీ మేలురకం టైరు 6,500కు చూపించి "అరవై వేల కిలోమీటర్లు, అన్నా, కళ్లు మూసుకొని ఏసుకో" అన్నాడు కుర్రాడు. కళ్లు తెరిచి చూస్తే ఏడాదికి 1,083. ఆ అరవై వేలలో సగం కూడా నేను వాడుకోలేను. వాడుకోని దానికి డబ్బు పోయడం ఎందుకు?

రేడియల్‌తో పెట్రోలు మిగులుతుందంటారు. లీటరు 107 దాటిన ఊళ్లో మూడు శాతం మిగిలినా ఏడాదికి 1,200 పైమాటే. నేను ఆ ఆదాను లెక్కలోకి తీసుకోలేదు. చేతికి రాని డబ్బును జమ రాయకూడదని చేరినరోజే మా సేట్ నేర్పాడు.

చవకైనంత మాత్రాన చక్రానికి పట్టాలిగా. 165/80 ఆర్14 ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు. కొత్త టైరును షాపు ముందు నిలబెట్టి, కింద సుద్దగీత గీసి, ఒక చుట్టు దొర్లించి కొలిచాం. పాతదానికన్నా రెండు మూడు శాతం ఎక్కువ వచ్చింది. అంటే మీటరు అరవై చూపిస్తే నిజానికి అరవై ఒకటీ, అరవై రెండూ మధ్య వెళ్తున్నట్టు. పాతబస్తీలో అరవై ఎక్కడ పోగలం గానీ, తెలిసి ఉండటం మంచిది. బరువు మోసే సూచిక 85, అంటే ఒక్కో టైరుకు 515 కిలోలు. నలుగురెక్కినా, డిక్కీలో బియ్యం బస్తా వేసినా ఈ బండికి చాలినంత కంటే ఎక్కువే. రిమ్ వెడల్పు కొలిపించాను. చివరగా ఒక చక్రానికి ఎక్కించి స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించి, వెనక సీట్లో ముగ్గుర్ని కూచోబెట్టి, ఎక్కడా రాసుకోదని చూసుకున్నాకే బయానా ఇచ్చాను. ఇంకా వెడల్పు టైరు వేస్తే అందంగా ఉంటుందన్న సలహా ఉచితంగా వచ్చింది. పవర్ స్టీరింగు లేని బండిని సందుల్లో తిప్పాల్సింది నేను కదా, వద్దన్నాను.

పాత కార్ల కోసమే పాత అచ్చులతో టైర్లు చేసే కంపెనీలు లేకపోలేదు. మిషెలిన్, పిరెల్లి, వ్రెడెస్టైన్ చేస్తాయి. వ్రెడెస్టైన్‌ను మన అపోలో 2009లో కొనేసింది కూడా. కానీ 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి ప్రభుత్వ లైసెన్సు కావాలి. చౌమహల్లాలో కొలువుతీరిన నిజాం రోల్స్ రాయిస్‌కో, బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో వాటికో అలాంటి ముచ్చట్లు తగును. అవి రేపు పొద్దున ఎనిమిదిన్నరకు బేగంబజార్ చేరనక్కర్లేదు.

ధర కుదిరాక సమయం దగ్గర చిక్కొచ్చింది. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ టైర్ల మీద పన్నును 28 నుంచి 18 శాతానికి దించింది. అమలు 22 నుంచి. పన్ను కలపని ధర 3,400 మీద టైరుకు 340 రూపాయల తేడా. నాలుగింటికి 1,360. కొట్టువాడే "ఆగండి సార్" అన్నాడు. మరోపక్క సెప్టెంబరు వానలు, నొక్కితే నోరు తెరిచే టైర్లు. పైగా మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తూ హరిబౌలి నుంచి అలియాబాద్ దాకా అప్పట్లో కట్టడాలు పడగొడుతుండేవారు. ఆ శిథిలాల మేకులన్నీ రోడ్డు మీదే.

సగం సగం చేశాను. రెండు టైర్లు వెంటనే, వెనక చక్రాలకు. రెండు 22 తర్వాత, ముందు చక్రాలకు. ఇందులో ఒక నియమం ఉంది, డబ్బుకు కాదు, ప్రాణానికి. నైలాన్, రేడియల్ ఒకే ఇరుసు మీద కలపకూడదు. రెండు రకాలూ బండి మీద ఉండక తప్పకపోతే రేడియల్ వెనకే ఉండాలి. మలుపులో రేడియల్ నేలను గట్టిగా పట్టుకుంటుంది, నైలాన్ కాస్త పక్కకు జారుతుంది. ముందు పట్టు ఎక్కువై వెనక తక్కువైతే తడి రోడ్డు మీద బండి తోక తిరిగిపోతుంది. నా వాయిదా పద్ధతి ఈ నియమానికి సరిపోయింది గనకే చేశాను. ముందు చక్రాలకే కొత్తవి అవసరమయ్యుంటే ఆ 1,360 వదులుకొని నాలుగూ ఒకేసారి వేయించేవాణ్ణి. ఆ మూడు వారాలూ నెమ్మదిగానే నడిపాను. మిగిలింది 680 రూపాయలు. అలైన్‌మెంటు ఖర్చుకు సరిపోయింది.

టైర్లు షోరూములో కొన్నా, ఎక్కించడం ఉస్తాద్ దగ్గరే. పాత రిమ్ములకు ట్యూబ్‌లెస్ కుదరదు. లోపలి అంచు తుప్పు పట్టి ఉంటుంది, గాలి నిలవదు. అందుకే ట్యూబ్‌లెస్ టైరులోనే ట్యూబు వేయాలి, అదీ రేడియల్ ట్యూబే. ఉస్తాద్ వైరు బ్రష్షుతో తుప్పు గీకి, రిమ్ముకు రంగు పూసి ఆరనిచ్చాడు. టైరు లోపల చెయ్యి పెట్టి నాలుగు వేళ్లతో చుట్టూ తడిమి, అతికించిన కాగితం స్టిక్కరు ఒకటి గీకేశాడు. అది ఉంటే ట్యూబును కొరికేస్తుందట. గుప్పెడు పౌడరు చల్లి, ట్యూబుకు ముందే కొంచెం గాలి పట్టించి గుండ్రంగా చేశాకే లోపల పెట్టాడు. నాకు తెలిసినంతలో ట్యూబు మడతపడి పేలే జబ్బుకు మందు అంతే. పెద్ద షాపుల్లో ఈ ఓపిక నేను చూడలేదు.

రేడియల్‌కు కింద కాస్త పొట్ట ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి గాలి తక్కువనుకొని బంకుల్లో 35 కొట్టేస్తారు. అప్పుడు నడుమే అరుగుతుంది, వెన్నుకు గతుకులన్నీ తెలుస్తాయి. సొంత గేజి ఒకటి కొని డాష్‌బోర్డు అరలో పడేశాను.

స్టెప్నీకి మాత్రం కొత్తది కొనలేదు. కొత్త కారు కొన్న కుర్రాళ్లు షోరూము నుంచి రాగానే అలాయ్ చక్రాలు వేయించుకొని అసలు టైర్లు తీసేస్తారు. నగరంలో వాటికో చిన్న బజారే ఉంది. అదే కొలత, నాలుగు నెలల వయసు, మొలకల్లాంటి రబ్బరు వెంట్రుకలు కూడా ఊడనిది 2,200కు దొరికింది. వాడిన టైరు కొనడం నాకు సాధారణంగా ఇష్టం ఉండదు. గుంటలో పడి లోపలి తీగలు తెగితే పైకి తెలియదు. వెంట్రుకలు ఊడని టైరు అలాంటి గుంటలు చూసి ఉండదని ఉస్తాద్ కూడా ఒప్పుకున్నాడు.

మొత్తం సుమారు పంతొమ్మిది వేలు. నాలుగు పదులు రాబోతున్న బండికి ఇంతా అని మా ఆవిడ అడిగింది. నిజానికి ఆమె అడగాల్సింది వేరే ఖర్చు గురించి. మా ఆర్సీ గడువు 2026లో తీరుతుంది. 2021లో పొడిగించినప్పుడు ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కార్లకు 5,000 అయింది. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటితే 10,000. గ్రీన్ ట్యాక్స్ అదనం. యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, థర్డ్ పార్టీ బీమాలో సగం తగ్గింపూ ఉంది. కానీ అలాంటి బండిని రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. నాకు ఆ దారి లేదు. నా ఇంజన్‌కు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 పూర్తిగా కట్టాల్సిందే.

అందుకే టైర్లనూ ఆర్సీనీ వేరువేరు ఖర్చులుగా చూడలేదు. బండి ఇంకో అయిదేళ్లు ఉంచుకోవాలనుకుంటేనే టైర్లు, లేకపోతే రెండూ దండగ. ఉంచుకోవాలనే అనుకున్నాం. 2026లో పొడిగించిన ఆర్సీకి 2031లో అయిదేళ్లు, ఈ టైర్లకు అదే ఏడాది ఆరేళ్లు. రెండు ఖర్చులూ ఒకేసారి మీద పడతాయి. పోస్టాఫీసులో నెలకు 500 చొప్పున అయిదేళ్ల ఆర్డీ తెరిచాను. తెరిచిన నాటి 6.7 శాతం వడ్డీకి చివర్లో 35,600 పైన చేతికొస్తుంది. అప్పటికి 165/80 ఆర్14 ధర ఎంతుంటుందో గానీ, దాని మీది నాలుగంకెల్లో చివరి రెండూ 31 కాకపోతే అటక మీదే ఉంచమంటాను.