ఐరోపా బాటలో హలాల్ ముద్ద

పిల్లలను పై చదువులకు విదేశాలకు పంపే తల్లిదండ్రులు మా వద్దకు వచ్చి తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "మౌలానా సాబ్, మావాడు జర్మనీ వెళుతున్నాడు. అక్కడ ఏం తింటాడు?" వీసా గురించి, గది అద్దె గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు. నోటికి అందే ముద్ద గురించి అడగడానికి మాత్రం వారు మదరసా గుమ్మం దాకా రావలసి వస్తున్నది.

గత వేసవిలో మేమూ, పిల్లల తల్లీ కలిసి బెర్లిన్‌లో ఉంటున్న మా కుమార్తె ఇంటికి వెళ్లాము. అక్కడి నుండి పారిస్, సరాయెవో నగరాలను కూడా దర్శించే భాగ్యం అల్లాహ్ కలిగించాడు. మేము తిన్నదీ, అడిగి తెలుసుకున్నదీ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

బెర్లిన్‌లో హలాల్ భోజనానికి కొరత లేదు. దీనికి ఒక చరిత్ర ఉంది. 1961 అక్టోబరు 30న పశ్చిమ జర్మనీ, తుర్కీ దేశాల మధ్య కార్మికుల ఒప్పందం కుదిరింది. కొన్నాళ్లు పనిచేసి తిరిగి వెళ్లిపోతారనుకున్న ఆ 'అతిథి కార్మికుల'లో లక్షలాది మంది అక్కడే స్థిరపడ్డారు. వారితోపాటు వారి వంటిళ్లూ నిలిచాయి. క్రొయిట్స్‌బెర్గ్ ప్రాంతంలో అడుగడుగునా డోనర్ దుకాణాలు కనిపిస్తాయి. నిలువు చువ్వకు గుచ్చి కాల్చిన మాంసాన్ని పల్చగా కోసి, రొట్టెలో కూరగాయలతో కలిపి ఇస్తారు. ఎర్ర కందిపప్పు చారును నిమ్మచెక్కతో ఇస్తారు. దాని తోడుగా త్రాగే అయ్‌రాన్ అంటే మన ఉప్పు మజ్జిగే. నోయ్‌కోల్న్‌లోని జొన్నెన్‌అల్లే వీధిలో పాలస్తీనా, లెబనాన్, సిరియా వాసుల భోజనశాలలు వరుసగా ఉన్నాయి. అక్కడ ఫలాఫిల్, హుమ్ముస్ తిని బయటకు వచ్చినప్పుడు పిల్లల తల్లి, "ఇక్కడ ఆకలితో ఉండే పని లేదు" అని నిశ్చింతగా అన్నది.

అయితే పలకపై 'హలాల్' అని వ్రాసి ఉన్నంత మాత్రాన విచారణ పూర్తి కాదు. ధృవీకరించినది ఏ సంస్థ? జబహ్ ఎలా జరిగింది? అదే దుకాణంలో మద్యం కూడా అమ్ముతున్నారా? ఇవి అడగవలసిన ప్రశ్నలు. ఐరోపా దేశాల చట్టాలు కూడా ఒకే రీతిగా లేవు. జంతువును ముందుగా స్పృహ తప్పించకుండా వధించడాన్ని స్విట్జర్లాండ్ 1893లోనే ప్రజాభిప్రాయం ద్వారా నిషేధించింది. బెల్జియంలోని ఫ్లాండర్స్, వల్లోనియా ప్రాంతాలు 2019లో ఆ బాట పట్టాయి. జర్మనీలో మతపరమైన ప్రత్యేక అనుమతికి వీలున్నదని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2002లో తీర్పు చెప్పింది. స్పృహ తప్పించినా జంతువు ప్రాణంతో ఉండగానే జబహ్ జరిగితే చాలునని కొందరు ఉలమాలు అంటారు. ఆ పద్ధతినే అంగీకరించనివారు మరికొందరు. గ్రంథప్రజల ఆహారం ధర్మసమ్మతమని సూరె మాయిదా 5వ ఆయత్ తెలుపుతున్నది. నేటి యంత్రాల కబేళాలకు ఆ అనుమతి ఎంతవరకు వర్తిస్తుందన్న విషయంలో అభిప్రాయ భేదాలున్నాయి. జబహ్ వేళ అల్లాహ్ పేరును కావాలని విడిచిపెడితే ఆ మాంసం నిషిద్ధమని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. షాఫయీ ఫిఖహ్‌లో ఈ విషయంలో సడలింపు ఉంది. కనుక తమకు నమ్మకమైన ఆలిమ్ మాటను అనుసరించి, భిన్నంగా తినే సోదరుని విశ్వాసాన్ని శంకించకుండా ఉండడమే ప్రయాణికునికి క్షేమం.

మాంసం మానేస్తే చిక్కు తీరిపోతుందని అనుకునేవారున్నారు. అదీ పూర్తిగా నిజం కాదు. ఇటలీలో రిసొట్టో అనే అన్నం వంటకంలో తెల్లని ద్రాక్షసారాయి పోయడం ఆనవాయితీ. తిరమిసు మిఠాయిలో తరచుగా మద్యం ఉంటుంది. స్విస్ వారి ఫోండ్యూ కరిగించిన జున్ను మాత్రమే కాదు, అందులోనూ ద్రాక్షసారాయి ఉంటుంది. బెల్జియంలో బంగాళాదుంప ముక్కలను పశువు కొవ్వులో వేయించడం పాత పద్ధతి. జర్మన్ ఇళ్లలో పప్పు చారులో సైతం పందిమాంసపు సాసేజీ ముక్కలు వేస్తారు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం అలర్జీ కలిగించే 14 పదార్థాల సమాచారాన్ని భోజనశాలలు తప్పక అందించాలి. ఆ జాబితాలో పందిమాంసమూ లేదు, మద్యమూ లేదు. కనుక అడగక తప్పదు.

అడగడానికి కొన్ని మాటలు గుర్తుంచుకుంటే చాలు. జర్మన్‌లో ష్వైన్ అంటే పంది. షింకెన్, ష్పెక్ దాని మాంసం. ష్మాల్ట్స్ సాధారణంగా దాని కొవ్వు. ఫ్రెంచిలో పోర్, ఝాంబోఁ, లార్దోఁ. ఇటలీలో మయాలె, ప్రొషూటో, స్త్రుత్తో. స్పెయిన్‌లో సెర్దో, హామోన్, మాంతెకా. ఈ మాటలు పలకపై కనిపిస్తే ఆ వంటకం జోలికి పోకూడదు.

బెర్లిన్‌లో మా మనవడికి ఐదేళ్లు. ఒకనాడు వాడి బాలవాడిలో ఎవరిదో పుట్టినరోజు. రంగురంగుల జిగురు మిఠాయిలు పంచారు. వాటిలో జెలటిన్ ఉంటుంది. అక్కడ అది ఎక్కువగా పంది చర్మం నుండి తీసినదే. వాడు తీసుకోలేదు. ఇంటికి వచ్చి, "నానా, వాళ్లు తినేది మురికిదా?" అని మమ్మల్ని అడిగాడు. మా కుమార్తె వంటింటి నుండి తొంగి చూసి, "అబ్బా, దీనికి మీరే జవాబు చెప్పండి" అన్నది.

నలభై ఏళ్ల కిందట ఫిఖహ్ గ్రంథాలలో చదువుకున్న అధ్యాయాలన్నీ ఆ క్షణంలో మా ముందు నిలిచాయి. ఐదేళ్ల పసివాడికి కావలసిన మాట వాటిలో వెతకవలసి వచ్చింది. "బేటా, అల్లాహ్ మనకు వద్దన్నాడు కనుక మనం తినము. నీ స్నేహితుడు ప్రేమతో ఇచ్చాడు కనుక వాడికి షుక్రియా చెబుతాము" అన్నాము. మరునాడు మా కుమార్తె కూరగాయల జిగురుతో చేసిన మిఠాయిల పొట్లం కొని వాడి చేతికిచ్చి పంపింది. వాడు అందరికీ పంచి వచ్చాడు. నిషిద్ధాన్ని విడిచిపెట్టడం ధర్మం. విడిచిపెడుతూ ఎదుటివారిని చులకన చేయకపోవడం కూడా ధర్మమే. పరాయి దేశంలో పెరుగుతున్న మన పిల్లలకు ఈ రెండూ కలిపి నేర్పకపోతే, వారు ఒకనాడు స్నేహితులనైనా పోగొట్టుకుంటారు, లేదా దీన్‌నైనా.

పారిస్‌లో పెద్ద మస్జిద్‌ను ఆనుకొని భోజనశాల, తేనీటి ప్రాంగణం ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కొరకు ప్రాణాలర్పించిన ముస్లిం సైనికుల పట్ల కృతజ్ఞతగా ఆ మస్జిద్‌ను నిర్మించి 1926లో ప్రారంభించారు. చెట్ల నీడన కూర్చున్నవారికి చిన్న గాజు గ్లాసులలో పుదీనా తేనీరు అందిస్తారు. లోపల కుస్‌కుస్, తాజీన్ దొరుకుతాయి. మా పక్క బల్లల వద్ద కూర్చున్నవారిలో ముస్లిమేతరులే ఎక్కువగా కనిపించారు.

మా మనసు ఎక్కువగా నిలిచిపోయినది మాత్రం బోస్నియా రాజధాని సరాయెవోలో. అక్కడి పాత బజారు పేరు బష్చార్షియా. భాష తెలియకపోయినా మాటలు మనకు పరాయివి కావు. మన షోర్బాను వారు చోర్బా అంటారు. ముసాఫిర్‌ఖానాను ముసాఫిర్‌హానా అంటారు. చెవాపి అన్నది మన కబాబ్ మాటకు చుట్టమే. వేలంత పొడవున్న ఆ మాంసపు ముక్కలను ఐదో పదో లెక్కన సోమున్ అనే మెత్తని రొట్టెలో పెట్టి, తరిగిన ఉల్లిపాయతో ఇస్తారు. బురెక్ అంటే మాంసం నింపిన పొరల రొట్టె. జున్నుతో చేసినది సిర్నిత్సా, పాలకూరతో చేసినది జెల్యానిత్సా. బోస్నియా ముస్లింలు హనఫీలు. పాత బజారులో మద్యం ఉంచని భోజనశాలలు పలు ఉన్నాయి. అయితే నగరమంతటా అదే పరిస్థితి ఉండదు. కనుక అక్కడా అడిగే తినాలి.

ఆ బజారు నడుమ గాజీ హుస్రెవ్ బేగ్ మస్జిద్ ఉంది. ఉస్మానీ పాలనలో బోస్నియా గవర్నరుగా పనిచేసిన ఆయన తన ఆస్తిని వక్ఫ్ చేసి మస్జిద్, మదరసా, గ్రంథాలయం నెలకొల్పారు. 1537లో స్థాపించిన ఆ మదరసా నేటికీ పాఠాలు చెబుతున్నది. ఆ వక్ఫ్‌లోనే ఇమారెట్ అనే ఉచిత వంటశాల, ప్రయాణికులకు ముసాఫిర్‌ఖానా కూడా ఉండేవి. పాఠం చెప్పే చోటనే ప్రయాణికుని పళ్లెం కూడా ఉండాలని ఐదు శతాబ్దాల కిందట ఒక పాలకుడు తలచాడు. మదరసాలో జీవితం గడిపిన మాకు ఆ ఏర్పాటును చూసి కళ్లు చెమర్చాయి.

అదే నగరం 1992 నుండి 1996 వరకు ముట్టడిలో ఆకలితో అలమటించింది. 1992 మే 27న ఫెర్హాదియా వీధిలో రొట్టె కొరకు వరుసలో నిలిచిన ప్రజలపై ఫిరంగి గుండ్లు పడ్డాయి. 1994 ఫిబ్రవరి 5న మార్కాలె బజారుపై జరిగిన దాడిలో 68 మంది మరణించారు. ఆ మార్కాలెలో నేడు మళ్లీ కూరగాయలు, పండ్లు అమ్ముతున్నారు. మేము అక్కడ ఒక వృద్ధురాలి వద్ద రేగుపండంత ఎర్రని చెర్రీలు కొన్నాము. ఆమె తూకం వేసి, పైన మరో గుప్పెడు వేసి, "బుయ్‌రుమ్" అన్నది. తీసుకోండి అని అర్థం.

విదేశ ప్రయాణం చేయబోయే సోదర సోదరీమణులకు మా విన్నపం ఇంతే. సంచిలో కొన్ని ఖర్జూరాలు, అటుకులు ఉంచుకోండి. దిగిన ఊరిలో మస్జిద్ ఎక్కడున్నదో ముందు విచారించండి. మంచి భోజనం తరచుగా ఆ వీధిలోనే దొరుకుతుంది. సందేహం కలిగితే మృదువుగా అడగండి, తీరకపోతే విడిచిపెట్టండి. తినగలిగినంతే వడ్డించుకొని, పళ్లెంలో మెతుకు మిగల్చకండి. రొట్టె కొరకు నిలబడి ప్రాణాలు విడిచినవారు నడిచిన వీధులవి.