టెక్నికల్ పుస్తకం రాస్తే ఎంత మిగులుతుంది?

ప్రోగ్రామింగ్ పుస్తకం వెల 600 రూపాయలనుకుందాం. డిస్ట్రిబ్యూటర్, దుకాణం కమిషన్లు పోను ప్రచురణకర్త చేతికి 300 వస్తే, అందులో పది శాతం రాయల్టీ అంటే రచయితకు 30 రూపాయలు. వెయ్యి కాపీలు అమ్ముడైతే 30 వేలు. కనీసం ఏడాది సాయంత్రాలు, సెలవులు పెట్టిన పనికి దక్కేది అంతే. మార్టిన్ క్లెప్‌మన్ ఇంగ్లీషులో రాసిన ‘డిజైనింగ్ డేటా-ఇంటెన్సివ్ అప్లికేషన్స్’ పుస్తకం లక్షకు పైగా కాపీలు అమ్ముడై నాలుగు లక్షల డాలర్లకు మించి రాయల్టీ తెచ్చింది కదా అంటారు. నిజమే. కానీ దాని వెనక రెండున్నరేళ్ల పూర్తికాలపు పనికి సమానమైన శ్రమ ఉంది, అందులో ఏడాది జీతమే లేదు. అంత ఆదరణ దొరికే పుస్తకాలూ బహు అరుదు.

డబ్బు రాకపోయినా పేరొస్తుంది, మంచి ఉద్యోగాలొస్తాయి అన్నది ఇంకో మాట. ఇంగ్లీషులో రాసేవాళ్లకు అది కొంతవరకు సరిపోతుంది. తెలుగులో డేటాబేసుల గురించి రాసినవాళ్లను ఆ పుస్తకం చూసి ఏ కంపెనీ పిలుస్తుంది? పైగా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వస్తే ప్రతి స్క్రీన్‌షాటూ మార్చాలి, ప్రతి కోడ్ ముక్కా మళ్లీ నడిపి చూడాలి. అమ్మకాల్లో వాటా ఈ శ్రమను మోయలేదు. కాబట్టి రాసే నెలలకు రచయితకు ముందే జీతమివ్వాలి. 1968లో ప్రభుత్వం తెలుగు అకాడమిని పెట్టింది ఉన్నత చదువులకు తెలుగు పుస్తకాలు తేవడానికే; ఆ బాధ్యతను కంప్యూటర్ పుస్తకాలకూ గట్టిగా తీసుకోమని ప్రభుత్వాలను అడుగుదాం.