సమాధి లేని రాజులు

మధురకు వెళ్ళిన మనవాళ్ళు మీనాక్షి అమ్మవారి దర్శనం చేసుకొని, తిరుమల నాయకుని మహలు చూసి తిరుగు ప్రయాణమవుతారు. ఈమధ్య మేము ఆ మహలులో ఆకాశమంత స్తంభాల మధ్య తిరుగుతుంటే మా మనవరాలు, "ఈ రాజుని ఎక్కడ పూడ్చిపెట్టారు తాతయ్యా?" అని అడిగింది. హిందూ రాజులకు దహనమే ఆచారం గనుక సమాధి లేదని చెప్పాను. అయితే సమాధి లేకపోయినా, వారి చావుల గురించి ఒళ్ళు జలదరించే కథలు మాత్రం మధురలో ఉన్నాయి.

తిరుమల నాయకుడు 1623 నుండి 1659 వరకు పాలించాడు. ఆయన క్రైస్తవులవైపు మొగ్గుతున్నాడని అర్చకులకు కోపం వచ్చిందట. గుడిలో నిధి చూపిస్తామని నేలమాళిగలోకి దింపి, పైన పెద్ద బండ మూసేసి, అమ్మవారు తనలో కలుపుకున్నదని చాటారట! ఒక భట్టరు ఇంటినుండి చీకట్లో వస్తూ బావిలో పడి చనిపోయాడనీ, భయపడిన భట్టరు ఆ బావిని పూడ్చేశాడనీ మరో కథ.

రాణి మంగమ్మ కథ ఇంకా బాధాకరం. పసివాడైన మనవడు విజయరంగ చొక్కనాథుని పేర 1689 నుండి 1706 వరకు రాజ్యం నడిపిన ఇల్లాలు ఆమె. చివరికి ఆమెను ఒక గదిలో బంధించి, అన్నం కంటికి కనిపించేలా, చేతికి అందకుండా పెట్టి, ఆకలితో చంపారని చెప్పుకుంటారు.

వీటికి గట్టి ఆధారాలు లేవు. అయినా ఒక్క సంగతి గమనించండి. రాతితో అంత వైభవం కట్టించినవాణ్ణి కథ రాతికిందే పాతిపెట్టింది. బాటసారులకు దారులు, సత్రాలు కట్టించిన తల్లిని ఆకలితో చంపింది. ఎవరు ఏ పనితో జనం మనసులో నిలిచారో, జనం వారికి ఆ పనినే తిరగేసి చావుగా రాశారనిపిస్తుంది.

మన పిల్లలకు ఈ కథలు తమిళంలోనే తెలుస్తున్నాయి. ఆ రాజులు ఇంట తెలుగు మాట్లాడినవారనీ, కథలో నిందపడిన ఆ మనవడే తెలుగు వచనంలో శ్రీరంగ మాహాత్మ్యం రాశాడనీ చెప్పేవారు లేరు. ఆ పని మనదే. ఈసారి మధుర వెళితే, రైల్వే స్టేషను ఎదుట ఉన్న మంగమ్మ సత్రం దగ్గర రెండు నిమిషాలు ఆగండి. ఆమె ఎలా పోయిందో కథ చెబుతుంది. ఎలా బ్రతికిందో ఆ సత్రం చెబుతుంది. పిల్లలకు రెండూ చెప్పండి.