మొదట వాళ్ళు ఎందుకు వచ్చారు?

మా ఉత్తరాంధ్రలో చాలా ఊళ్ళ పేర్ల చివర వలస అనే మాట ఉంటుంది. కొత్తవలస, ఆమదాలవలస, కొండ మీద కరకవలస. ఇవాళ వలస అంటే కూలి కోసం విజయవాడకో చెన్నైకో పోవడమని మన పిల్లలు అనుకుంటారు. పాత అర్థం వేరు. ఉన్న ఊళ్ళో చోటు చాలకో, బతకలేకో నాలుగు కుటుంబాలు మరో చోటికి పోయి ఇళ్ళు వేసుకుంటే అది వలస. ఎవరో ఒకరు ముందు నడిచి, నీటి జాడ చూసి, మొదటి పొయ్యి వెలిగిస్తేనే ఊరు పుట్టింది. వాళ్ళ పేర్లు మనకు గుర్తుండకపోవచ్చు. ఎందుకు వచ్చారో మాత్రం గుర్తుండాలి. నీటి బుగ్గ కోసం వచ్చినవాళ్ళ మనుమలు ఆ సంగతి మరచిపోతే బుగ్గను పూడ్చి దాని మీద కొట్టు కట్టేస్తారు.

కతోలిక మఠసభల గురించి రాయడానికి కూర్చుంటే నాకు ముందు ఈ సంగతే తోచింది. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్లు తీసుకొని కలిసి బతికే సిస్టర్లు, ఫాదర్లు, బ్రదర్ల సమూహాన్ని మఠసభ అంటారు. ప్రతి సభా ఒక కొత్త వలసలాంటిదే. ఎవరో ఒకరు ఒక అవసరం చూసి ఇల్లు విడిచి బయలుదేరారు. తర్వాత ఇంకొందరు కలిశారు.

నేను కొత్తవలసలో ఉంటున్న ఉపాధ్యాయుణ్ణి. కొండదొర కులంలో పుట్టాను. మా ఊరు ఎస్.కోట వైపు కొండ మీద ఉంది. కొత్తవలస జంక్షన్ నుంచి కిరండూల్ రైలుమార్గం విడిపోయి బొడ్డవర, శివలింగపురం, త్యాడ, బొర్రా మీదుగా అరకు ఎక్కుతుంది. 1960లలో బైలదిల్లా ఇనుపరాయి దించడానికి వేసిన దారి అది. ఇనుపరాయి దిగిన దారినే మా మనుషులు కూడా దిగారు, చదువుకో, కూలికో, ఆసుపత్రికో. ఈ మధ్య ఆ దారిన ఎదురు ఎక్కి వచ్చేవారు కూడా ఉన్నారు. పదో తరగతి పరీక్షలు అయ్యాక దైవపిలుపు శిబిరాలకు పిల్లలను పిలవడానికి వచ్చే సిస్టర్లు, ఫాదర్లు.

వాళ్ళు మన ఊళ్ళకు ఎందుకు వస్తున్నారో దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. యూరపులో మఠాలు ముసలివారితో మిగిలాయి. చాలా ఇళ్ళు మూతపడ్డాయి. ఒకప్పుడు మన దేశంలో సభలన్నిటికీ కేరళ నుంచి పిల్లలు వచ్చేవారు. అక్కడ ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలు. అందుకని జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు, మన ఏజెన్సీ వైపు చూస్తున్నారు. ఇది తప్పని నేను అనను. అయితే వచ్చినవారిని మనం ఒక ప్రశ్న అడగవచ్చు. మీ ఇంట్లో ఖాళీ అయిన మంచాలు నింపడానికి వచ్చారా, మీ సభ పుట్టిన రోజున ఉన్న పనిని మాతో కలిసి మళ్ళీ మొదలుపెట్టడానికి వచ్చారా?

ఈ ప్రశ్న నా సొంతం కాదు. ఒక తల్లి వల్ల నాకు వచ్చింది. ఆమె కూతురు పదో తరగతి పాసయి, సిస్టరవుతానని ఇంట్లో చెప్పింది. తల్లి పనులన్నీ మానుకొని నా దగ్గరకు వచ్చింది. "మేష్టారూ, మా గుంట అక్కడికెళ్తే మళ్ళీ మాకు కనబడతాదా? ఎవులో పెద్దోళ్ళ ఇస్కూల్లో అంట్లు తోమడానికే పట్టుకెళ్తారంటన్నారు, నిజిమేనా?" అని అడిగింది. పిల్ల పక్కనే తల వంచుకొని నిలబడింది. తల్లి భయం ఉత్తిది కాదు. పిల్ల కోరికా ఉత్తిది కాదు. రెండిటికీ సమాధానం చెప్పాలంటే ఈ సభలు ఎక్కడ మొదలయ్యాయో చూడాలి.

మన తీరానికి వచ్చిన కతోలిక మిషనరీలలో ముఖ్యులు పునీత ఫ్రాన్సిస్ దె సేల్స్ సభవారు. పీటర్ మరీ మెర్మియే అనే గురువు 1838లో అన్నెసీలో ఆ సభను మొదలుపెట్టారు. ఫ్రెంచి విప్లవం తర్వాత గుళ్ళూ బళ్ళూ చితికిపోయిన పల్లెలకు నడిచి వెళ్ళి, అక్కడే కొన్నాళ్ళు ఉండి, జనానికి బోధించడం ఆయన పని. ఆ సభ నుంచి 1845లో బయలుదేరిన మొదటి బృందం 1846లో విశాఖపట్నం చేరింది. 1849లో అన్నెసీ నుంచే పునీత జోజప్ప సిస్టర్లు వచ్చారు. అన్నెసీ ఆల్ప్స్ కొండల కింద, సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. సవోయి అనే ఆ ప్రాంతం అప్పటికి ఫ్రాన్సులో లేదు, 1860లో కలిసింది. అంటే మన సముద్రతీరానికి వచ్చినవారు కూడా కొండ ప్రాంతం మనుషులే. ఎండ, జ్వరం, తెలియని భాష. ఇవన్నీ ఉన్నా వచ్చారు. విశాఖ పీఠం అలా పెరిగింది. దాని నుంచి 1993లో శ్రీకాకుళం పీఠం ఏర్పడింది.

పునీత జోజప్ప సిస్టర్ల కథ ఇంకా వెనక్కు పోతుంది. 1650లో ఫ్రాన్సులోని ల పుయీ అనే ఊళ్ళో ఆరుగురు ఆడవాళ్ళతో అది మొదలైంది. జాన్ పియేర్ మెదాయ్ అనే యేసుసభ గురువు వారికి దారి చూపారు. ఆ ఆరుగురు గొప్పింటి వాళ్ళు కారు. ఒకామె విధవరాలు. కొందరికి సంతకం చేయడం కూడా రాదు. లేసు అల్లడం ఆ ఊరి ఆడవాళ్ళ బతుకుతెరువు. అనాథ పిల్లలను పెంచుతూ, వాళ్ళకు చేతిపని నేర్పుతూ ఉండేవారు. ఆ కాలంలో మఠకన్యలంటే గోడల లోపలే ఉండాలి. వీళ్ళు గోడలు లేకుండా వీధిలోకి వచ్చారు. ఊరిని పేటలుగా పంచుకొని, ఏ పేటలో ఎవరు ఆకలితో ఉన్నారు, ఎవరు జబ్బుతో ఉన్నారు అని తిరిగి చూసేవారు. సభ స్ఫూర్తి అనే పెద్ద మాటకు నాకు అర్థమైనది ఇదే. నడిచి వెళ్ళి చూడడం.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ఆరుగురిలో ఒకామె ఇవాళ దరఖాస్తు పట్టుకొని ఏదైనా మఠానికి వస్తే చేర్చుకుంటారా? ఇంటర్ మార్కులు అడుగుతారు, ఇంగ్లీషు వచ్చా అని అడుగుతారు. చదువు వద్దని నేను అనడం లేదు, నేను పంతుల్ని. కానీ సంతకం రానివారు నిలబెట్టిన సభలోకి అడుగుపెట్టడానికి మన కొండ పిల్ల సిగ్గుపడనక్కరలేదు. ఆమె దగ్గర ఉన్నదే ఆ సభకు పునాది. కలిసి పని చేయడం, ఉన్నది పంచుకోవడం, మనిషి చనిపోతే ఊరంతా పని ఆపడం, కొత్త పంట వస్తే అందరూ కలిసి కొత్తల పండుగ చేసుకున్నాకే నోట పెట్టడం మనకు ఎవరూ నేర్పలేదు.

రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరులో మఠజీవితం గురించి ఒక ప్రకటన చేసింది. సువిశేషం దగ్గరకు, స్థాపకుల మొదటి స్ఫూర్తి దగ్గరకు తిరిగి వెళ్ళండి, దానితోపాటు కాలానికి తగినట్టు మారండి అని దాని సారం. ఈ రెండూ జోడెద్దుల్లా కలిసి నడవాలి. ఫ్రాన్సిస్ పోపుగారు 2014 నవంబరు చివర నుంచి 2016 ఫిబ్రవరి 2 వరకు అంకిత జీవిత సంవత్సరం ప్రకటించినప్పుడూ ఈ ఆలోచనే మళ్ళీ ముందుకు వచ్చింది. అయినా ఒక సంగతి మన కళ్ళ ముందే ఉంది. మైదానంలో బళ్ళు పెద్దవయ్యాయి, ఫీజులు పెరిగాయి, గేట్లు ఎత్తుగా లేచాయి. ఎస్.కోట కొండల మీది ఊళ్ళ నుంచి గర్భిణులను ఇప్పటికీ డోలీలో మోసుకొని దించుతున్నాం. పేటపేటకూ తిరిగిన ఆ ఆరుగురు ఇవాళ కొత్తవలస స్టేషన్లో దిగితే ఏ వైపు నడుస్తారో చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు.

భాష సంగతి కూడా ఇందులోదే. మా ముసలమ్మ కూబి మాట్లాడేది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో ఆ భాష మీద పెద్ద పుస్తకం అచ్చువేశారు. నేను చిన్నప్పుడు ఉన్న ఒక హాస్టల్లో మాత్రం ఆ మాట నోట వస్తే తోటి పిల్లలు నవ్వేవారు, పెద్దలు ఊరుకునేవారు. నాకు కూబి అలా జారిపోయింది. అదే నేల మీద పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గర కూర్చొని సవర నేర్చుకొని, వాళ్ళ పిల్లలకు వాచకాలు రాశారు. మన ఊళ్ళకు వచ్చే ఏ సిస్టరయినా, ఫాదరయినా ముందు ఆ పంతులుగారిలా కూర్చోవాలి. మన ఊళ్ళ నుంచి మఠానికి వెళ్ళే పిల్ల తన భాషను గుమ్మం బయట వదిలి వెళ్ళకూడదు.

ఇది జరిగే పనేనా అని అడిగేవారికి రాంచీ కథ చెబుతాను. ఛోటానాగ్‌పూర్‌లో బెల్జియం నుంచి వచ్చిన కాన్స్టంట్ లీవెన్స్ అనే యేసుసభ గురువు 1885 నుంచి ఆదివాసీల భూమి తగాదాల్లో వాళ్ళ పక్షాన నిలిచారు. ఆ నేల మీద 1878లో మేరీ బెర్నదెత్ కిస్పొట్ట అనే ఉరావ్ పిల్ల పుట్టింది. లొరెటో సిస్టర్ల బడిలో చదువుకుంది. పెళ్ళి చేసుకోను, ప్రభువు పనికే ఉంటానని పట్టుబట్టింది. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. ఆడపిల్ల పెళ్ళి లేకుండా ఉండడం ఆ ఊళ్ళకు కొత్త. సెసిలియా, వెరొనికా, మేరీ అనే మరో ముగ్గురు పిల్లలు ఆమెతో నిలబడ్డారు. ఆ నలుగురితో 1897 జులై 26న రాంచీలో పునీత అన్నమ్మ పుత్రికల సభ మొదలైంది. ఆదివాసీ ఆడపిల్లలే స్థాపకులు. బెర్నదెత్ అమ్మ 1961లో చనిపోయారు. 2016లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. అదే ఉరావ్ జనంలో పుట్టిన తెలెస్ఫోర్ తొప్పొగారు 2003లో కార్డినల్ అయ్యారు. మనం ఎప్పుడూ ఎవరి వెనకో నడవాలని రాసిపెట్టి లేదు.

ఆ తల్లికి నేను ఈ కథ చెప్పాను. తర్వాత ఆమెకు కావలసిన లెక్కలు కూడా చెప్పాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులకు ఇవి ఎవరూ చెప్పరు. పదిహేడేళ్ళు నిండకుండా నోవిషియేట్‌లో చేర్చుకోకూడదని శ్రీసభ చట్టం. నోవిషియేట్ కనీసం ఏడాది ఉంటుంది. పద్దెనిమిది నిండాకే మొదటి మాటపట్టు. అది తాత్కాలికం, తక్కువలో తక్కువ మూడేళ్ళు. గడువు తీరిన రోజున ఇంటికి వెళ్ళిపోవచ్చు, దానికి సిగ్గుపడాల్సింది లేదు. ఇరవై ఒకటి నిండాకే నిత్య మాటపట్టు. బలవంతంతోనో, భయంతోనో, మోసంతోనో ఇప్పించిన మాటపట్టు చెల్లదు. "అంటే దాని మనసు కుదరకపోతే ఎనక్కొచ్చేయొచ్చా?" అంది. వచ్చేయవచ్చు అన్నాను. అప్పుడు ఆమె మొదటిసారి కూతురి వైపు తిరిగి చూసింది.

పిల్లకు కూడా నేను చెప్పింది ఉంది. ముందు ఇంటర్ చదువు. సెలవుల్లో ఆ సిస్టర్లతో వారం ఉండి చూడు. వాళ్ళు ఎవరి ఇళ్ళకు వెళుతున్నారు, ఎవరితో కూర్చొని తింటున్నారు, పనిమనిషిని ఎలా పిలుస్తున్నారు చూడు. అక్కడ నీ పనేమిటో, చదువు ఎంతవరకో సూటిగా అడుగు. ప్రశ్న అడిగితే ముఖం చిట్లించే ఇల్లయితే తొందరపడకు. ప్రార్థన చేసుకో. పెళ్ళి భయంతోనో పేదరికం భయంతోనో వెళ్ళకు, ఆ రెండూ మఠంలో కూడా తరుముకొస్తాయి. ఇష్టంతో వెళ్ళేదానివైతే ఎవరూ ఆపకూడదు. మీ అమ్మా ఆపకూడదు, నేనూ ఆపకూడదు. ఆమె ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది.

దైవపిలుపుల కోసం ప్రార్థించమని 1964 నుంచి ఏటా ఒక ఆదివారం, పాస్కా కాలంలో మంచి కాపరి ఆదివారం, శ్రీసభ అంతటా చెబుతారు. మంచిదే. దానితోపాటు సభలవారికి నా మనవి ఒకటి. శిబిరాలు, కరపత్రాలు తర్వాత. ముందు ఇద్దరు ముగ్గురు కొండ మీది ఊళ్ళో ఒక చిన్న ఇంట్లో ఉండండి. మా నీళ్ళు తాగండి, మా మాట నేర్చుకోండి, డోలీ వెనక ఒకసారి నడవండి. పిల్లలు ఎవరూ అడగకుండానే మీ గుమ్మంలోకి వస్తారు. చూసినదాన్నే పిల్లలు కోరుకుంటారు.

తోటి ఉపాధ్యాయులారా, మీ తరగతిలో ఒక పిల్లో పిల్లాడో ఇలాంటి కోరిక చెబితే నవ్వకండి, ఎగదోయకండి. వాళ్ళకు వయసు లెక్క చెప్పండి, తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడండి, ఆ సభ ఎవరు, ఎప్పుడు, ఎందుకు మొదలుపెట్టారో కలిసి తెలుసుకోండి. యువతీ యువకులారా, మీరు ఏ మతంలో ఉన్నా, ఏ సంఘంలో చేరినా, రాజకీయ పార్టీ అయినా, స్వచ్ఛంద సంస్థ అయినా, చేరే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. మొదట మీరు ఎందుకు వచ్చారు? ఇప్పుడూ ఆ పనే చేస్తున్నారా? జవాబు చెప్పగలిగినవారితో నడవండి.