మూడుసార్లు మూసిన పుస్తకం

ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొని కూడా, నలభై రెండేళ్లు వచ్చేదాకా నేను టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’ చదవలేదు. చదివినట్లు తల మాత్రం ఊపుతూ వచ్చాను. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ 1805 నాటి పీటర్స్‌బర్గ్ సాయంకాల గోష్ఠిలోనే, ఆ ఫ్రెంచి మాటల నడుమ ఎవరు ఎవరికి ఏమవుతారో తేలక, పుస్తకం మూసివేశాను. 361 అధ్యాయాలు, ఐదు వందలకు పైగా పాత్రలు, చివర చరిత్రను గురించి సుదీర్ఘమైన చర్చ! ఇంత శ్రమ దేనికి?

నా వృత్తి కూడా ఈ సందేహాన్నే బలపరిచింది. అనువాదాలతో పాటు, పెద్ద గ్రంథాలను నలభై పుటలకు కుదించి ఇవ్వడం నా జీవనోపాధి. సారం చేతికందిన తరువాత మిగిలేది పిప్పి అనుకునేదాన్ని.

నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టిన ఏడాది, రాత్రులు ఆయన పక్కన మేలుకొని ఉండవలసి వచ్చి, ఆ పుస్తకాన్ని నాలుగవసారి తెరిచాను. పాత్రల పేర్లూ బంధుత్వాలూ ఒక కాగితం మీద రాసుకున్నాను. రాత్రికి పది పుటలు చొప్పున చదివాను.

అందులో బోల్కోన్‌స్కీ అనే వృద్ధ ప్రభువు ఉన్నాడు. కూతురు మరియా మీద ప్రేమ ఉండి కూడా, జ్యామితి పాఠాలు మొదలుకొని ప్రతి విషయంలోనూ ఆమెను వేధిస్తాడు. వందలాది పుటల పొడుగునా ఆ ఇంట్లో ఆమెతోపాటు నేనూ బిక్కుబిక్కుమంటూ గడిపాను. 1812లో నెపోలియన్ సేనలు ముంచుకువస్తూండగా ఆయనకు పక్షవాతం వస్తుంది. మాట తడబడుతూ ఉండగానే, తనను క్షమించమని కూతురిని వేడుకుంటాడు.

కుదింపులో ఇది ఒక్క వాక్యం. ఇప్పుడు నేను రాసిందీ అంతే. దీన్ని చదివి ఎవరి కళ్లూ చెమర్చవు. ఆ రాత్రి మాత్రం నేను వెక్కివెక్కి ఏడ్చాను. మా నాన్నగారూ కఠినులే. ఆయన ఏనాడూ నన్ను క్షమించమనలేదు. మాట పడిపోయింది గనుక ఇక అనలేరు కూడా. దుప్పటి సవరించి, తెల్లవారేదాకా ఆయన చేయి పట్టుకొని కూర్చున్నాను.

ఆ గ్రంథంలో ప్రతి పుటా అమృతమని చెప్పను. చివరి చర్చ దగ్గర నాకు ఇప్పటికీ కునుకు వస్తుంది. దాన్ని వదిలివేసినా దోషం లేదు. కాని, ఒక మనిషి మెత్తబడడానికి ఎంత కాలం పడుతుందో, ఆ కాలం పాఠకుడు కూడా గడపాలి. ఆ నవలకు అంత నిడివి అందుకే కావలసి వచ్చింది.

కుదింపులు ఇప్పటికీ చేస్తున్నాను. అయితే ప్రతిదాని చివరా, వీలు చూసుకొని మూలం చదవండని ఒక వాక్యం చేరుస్తున్నాను.