ఏ గట్టున నిలబడాలి

పోలవరం రేవులో మేనల్లుడు నోటుబుక్కులో గళ్ళు గీసుకుంటున్నాడు, కాలేజీ షార్ట్ ఫిల్ముకి. ఈ గట్టుకి గోదారి తూర్పు. పొద్దున్న ఎదురెండలో పడవ ఒట్టి నల్లటి ఆకారం. సాయంత్రం దానికే రంగూ, తాడూ, తెడ్డూ అన్నీ వస్తాయి. 'ముత్యాల ముగ్గు' (1975) ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం అందుకున్న ఇషాన్ ఆర్య ఇక్కడుంటే ఏ వేళ ఎంచుకునేవాడో!

ఎగువ నుంచి దిగొచ్చే లాంచీ ఇక్కడ ఎడమ నుంచి కుడికి సాగుతుంది. కెమెరా అవతలి గట్టుకి మారిందా, అదే లాంచీ వెనక్కి పోతున్నట్టుంటుంది. అందుకే లాంచీ దారిని ఓ గీత అనుకుని, కెమెరా ఆ గీత దాటొద్దంటారు.

వాడి కథ ముంపు ఊరొదిలి లాంచీలో వస్తున్న ముసలమ్మది.

"గీత దాటితే మామ్మ ఇంటికెళ్ళిపోతున్నట్టుంటుంది కదా మామయ్యా, తప్పు," అన్నాడు.

ఆ ఒక్క షాటూ తప్పుగానే తియ్యరా అనాలనిపించింది.