తొట్లకొండ క్రింది సముద్రపు తొట్లు

గత మాఘమాసమున నొక ఆదివారమునాడు మేము విశాఖపట్టణమునుండి భీమునిపట్టణపు దారిని మంగమారిపేటకు పోయితిమి. ఎడమచేత కొండలును, కుడిచేత సముద్రమును వెంటవచ్చుచుండ, సుమారు 15 కిలోమీటర్లు సాగినపిమ్మట తొట్లకొండ కానవచ్చినది. రెండువేల యేండ్లనాడు బౌద్ధభిక్షువులు నీటికై రాతిలో తొలిపించిన తొట్లే ఆ కొండకు పేరు తెచ్చినవి. 1988 మొదలు 1993 వరకు జరిగిన త్రవ్వకములలో అచ్చటి విహారము బయల్పడినది. అయినను మేము పోయినది ఆ తొట్లకొఱకు గాదు. కొండదిగువను సముద్రుడు రాళ్లలో కట్టుకొన్న తొట్లను చూచుటకు. దానికి మా యింట జరిగిన యొక యపరాధము కారణము.

మావారి శిష్యులు చూచి నేర్చుకొందురని, రెండడుగుల గాజుతొట్టిలో సముద్రజలము నింపి, అడుగున ఇసుక పఱచి, నాలుగు చిన్నచేపలను పెంచుచుంటిమి. కొన్నాళ్లకు ఇసుకపై గోధుమరంగు పొర పట్టినది; పిదప రాళ్లకు పచ్చని వెండ్రుకలవంటి నాచు అల్లుకొన్నది. వంటపాత్రలు తోమినట్లు తోమిన చాలుననుకొని, ఒకనాటి యుదయమున ఇసుకనంతయు అడుగంట కలచితిమి. నల్లనిమడ్డి లేచి, మురిగిన గ్రుడ్లవాసన కొట్టినది. సాయంకాలమునకు మూడు చేపలు తేలినవి. పాలకడలి చిలికిననాడు మొదట హాలాహలమే పుట్టెనని పిల్లలకు చెప్పు మేమే, మా తొట్టి యడుగున ఏమున్నదో తలంపనైతిమి.

“అమ్మగారూ, మీరు శుభ్రమే చేసినారు గదా, చేపలేల చచ్చినవి?” అని యొక బాలుడడిగెను. మాకు బదులు తోచలేదు.

మంగమారిపేటలో నది పాటువేళ. నీరు వెనుదీసిన రాతిగుంటలలో నాచు లేకపోలేదు. కాని నత్తలు దానిని మేయుచుండెను. శంఖములను మోసికొని తిరుగు చిఱుపీతలు ఇసుకలోని యెంగిలి నేరుకొనుచుండెను. మేము వంగి చూచుచుండగా, గంపతో పోవు నొక బెస్తయవ్వ నవ్వి, “సముద్రం రోజుకి రెండుసార్లు కడిగేత్తదమ్మా” అనెను.

అప్పుడు మాకు తెలిసినది. తినక మిగిలిన మేతయు, చేపల మలమును కుళ్లి నాచునకు ఎరువగుచున్నవి. నాచు శత్రువు గాదు, మన యతిశయమునకు సాక్షి. గాలిసోకు పైయిసుకలో కంటికగపడని జీవులు మలినమును మార్చుచుండును. గాలిసోకని లోతున మడ్డి పేరుకొన్నచో విషవాయువు పుట్టును. దానిని ఒక్కమారుగా కలచుటయే మా తప్పు.

ఇల్లుచేరి, మిగిలిన చేపను వేఱొకపాత్రలో నుంచి, ఇసుకను అంగుళము మందమునకు తగ్గించితిమి. ఇప్పుడు దినమునకొకమారు చిటికెడు మేత. దీపము ఎనిమిది గంటలు. తొట్టికి ఎండ తగులనీయము. వారమునకొకతూరి పదియవపాలు నీటిని గొట్టముతో లాగుచు, ఆ గొట్టముతోనే ఇసుకపై మడ్డిని, ఒకమూల మాత్రమే, తీసివేయుదుము. ఉప్పు ఆవిరికాదు గనుక, ఇగిరిన నీటికి మాఱు మంచినీటినే చేర్చుదుము.

ఆ బాలునికి, “మా తొందరయే చంపినది, నాయనా” అని చెప్పితిమి. ఒకమూల రాతిపై కొంచెము పచ్చదనము నేటికిని గలదు. దానిని మేము తోమము. రెండు నత్తలకు విడిచినాము.